బరువెక్కువైన లిఫ్టు

చివరి రైలు వెళ్ళిపోయాక భూగర్భ స్టేషన్‌లో మిగిలింది నేల తుడిచే ఆవిడ ఒక్కతే. ఎస్కలేటర్లు ఆపేశారు. మోకాళ్ళు పీకుతుంటే లిఫ్టెక్కి, పైకి వెళ్ళే బటన్ నొక్కింది. తలుపులు మూసుకోలేదు. బరువెక్కువైందంటూ గంట మోగడం మొదలుపెట్టింది.

పదిహేను మంది పట్టే లిఫ్టు అది. చేతిలోని బకెట్టు బయట పెట్టి చూసింది. గంట ఆగలేదు.

పైన వీధిలో, లిఫ్టు పక్కనే, ఆమె చిన్న ఆడపడుచు స్కూటరుతో కాచుకుని ఉంది. ఫోన్‌లో సంగతి విని పకపకా నవ్వింది.

"మా అన్న వాటా కూడా లాగించేస్తే అంతే మరి, వదినా!"

"నీ వేళాకోళానికి వేళాపాళా లేదే. ఇందులో నేనొక్కదాన్నే ఉన్నాను."

అనేసి, అనుమానంగా వెనక్కి చూసుకుంది. ఇందాక తను తుడిచిన నేల ఇంకా తడిగానే ఉంది. దాని మీద తన అడుగులే ఉన్నాయి. కానీ జనం మధ్య ఇరుక్కున్నట్టు ఒకటే ఉక్క. మెడ మీద వెచ్చగా ఏదో తగిలింది.

ఆమె ఒక్క ఉదుటున బయటికి వచ్చేసింది. గంట ఠక్కున ఆగింది. తలుపులు మూసుకుని లిఫ్టు పైకి కదిలింది.

"హమ్మయ్య, వస్తున్నావు. తలుపు దగ్గరే ఉన్నా," అంది ఆడపడుచు.

"అందులో నేను లేనే! నువ్వు దూరం జరుగు!"

"ఏంటీ? వినబడట్లేదొదినా."

ఆమె మోకాళ్ళ సంగతి మరిచి మెట్ల మీద పరుగెత్తింది. చెవి దగ్గర ఫోన్‌లో తలుపులు తెరుచుకున్న చప్పుడైంది. తరువాత ఆడపడుచు గొంతు, ఎవరితోనో మర్యాదగా మాట్లాడుతూ వినబడింది.

"తోసుకోకండి బాబూ, కాస్త దారివ్వండి. మా వదిన కూడా దిగాలి."