అండమాన్ పెట్టె

"రెండు కేజీలు ఎక్కువుందమ్మా! విమానంలో ఒప్పుకోరు," అన్నాడు మా మురళి, అండమాన్‌కు సర్దిన పెట్టెను పూలు తూచే కాటాకు తగిలించి.

సంగటి లేకపోతే నాకు కడుపు నిండదని, చీరల కింద రెండు కేజీల రాగిపిండి దాచింది నేనే మరి.

కోడలు వినుత తన కొత్త చుడీదార్లు, చెప్పులు బయటికి తీసేసింది.

"సముద్రం కాడ వేసుకోవాలని ఆశగా కుట్టించుకుంటివే!" అన్నాడు వాడు.

"ఆడ నన్ను చూసేదెవురు, చేపలా?" అని నవ్వింది వినుత.

మొన్న ఆమెను ఎగతాళి చేస్తూ నేనన్న మాటే అది.

వాళ్లు అటు పోగానే, పిండి తీసేద్దామని చీరల కింద చెయ్యి పెట్టాను.

పిండి సంచి పక్కనే, వినుత చున్నీలో చుట్టిన, సంగటి కెలికే కట్టె తగిలింది. అది నేను పెట్టింది కాదు.