కార్డు కాస్త పైకెత్తండి

“మాట్లాడుకునే సామాను అని రాసిచ్చారు. నాకేమో ఇందులో కెమెరా కనపడుతోంది, తెర కనపడుతోంది,” అన్నాడు కస్టమ్స్ ఆఫీసరు జయపాల్, బల్ల మీది అట్టపెట్టెను పెన్నుతో తడుతూ.

గున్నేశ్వరరావుది రాజమండ్రిలో తాత పెట్టిన ఎలక్ట్రికల్ షాపు. పెట్టెలో ఉన్నది వీడియో డోర్‌ఫోను. గేటు దగ్గర ఒక బెల్లు, దాని పైన చిన్న కెమెరా; ఇంట్లో గోడకి ఒక తెర, కింద మైకు. విదేశం నుంచి తెప్పించిన నాలుగు వందల పెట్టెలు నెల రోజులుగా రేవులో ఆగిపోయి ఉన్నాయి. ఫోన్ల కోడు కింద వేస్తే ఒక సుంకం, తెరల కోడు కింద వేస్తే ఇంకో సుంకం. సుంకం సంగతి అలా ఉంచితే, తెర అని తేలిందంటే తను కావాలని తప్పుడు కాగితం ఇచ్చినట్టే. మూడు తరాల షాపుకి దొంగసరుకు షాపని పేరు వచ్చేస్తుంది.

“మనిషితో మాట్లాడ్డానికేనండి ఇది. బొమ్మ ఊరికే తోడుగా వస్తుందంతేనండి,” అన్నాడు.

జయపాల్ నమ్మే రకం కాదు. టీ తెప్పిస్తే దాని వంక కూడా అనుమానంగానే చూశాడు. ఆ మాటకొస్తే గున్నేశ్వరరావుకీ అనుమానాలు తక్కువేం లేవు. ఎదురు షాపు త్రిమూర్తులు పొద్దుట్నుంచి మూడుసార్లు ఇటు తొంగి చూశాడు. ఈ సరుకు మీద కస్టమ్స్‌కి ఆకాశరామన్న ఉత్తరం రాసింది వాడే అయ్యుంటాడని లోపల్లోపల తిట్టుకుంటున్నాడు.

“మీ మాటా వద్దు, నా మాటా వద్దు. కొన్నవాళ్లు దీన్ని దేనికి వాడుతున్నారో కళ్లారా చూసి, అదే రాస్తాను,” అన్నాడు జయపాల్.

గున్నేశ్వరరావుకి ప్రాణం లేచొచ్చింది. పక్కవీధి డాక్టరుగారింటికి వెళ్దామన్నాడు. ఆయన చెప్పినట్టు పలికే మనిషి. జయపాల్ నవ్వి, ఇంతకుముందు అమ్మిన డోర్‌ఫోన్ల బిల్లుబుక్కు తనే లాక్కుని, కళ్లు మూసుకుని ఒక పేజీ మీద వేలు పెట్టాడు. ఆశాజ్యోతి, టీచరు, ధవళేశ్వరం. ఆవిడెవరో, ఇంట్లో ఎవరెవరుంటారో గున్నేశ్వరరావుకి గుర్తు కూడా లేదు. ముందే ఫోను చేసి చెబుదామంటే, ఆ ఫోను కాస్తా జయపాల్ తీసి తన బ్యాగులో వేసుకున్నాడు.

ధవళేశ్వరంలో చర్చి వెనక సందులో ఇల్లు. జయపాల్ గేటు దగ్గర బెల్లు నొక్కాడు.

“ఎవరండీ?” ఒక పెద్దావిడ గొంతు పలికింది.

కస్టమ్స్ నుంచి వచ్చామని, ఆశాజ్యోతిగారితో పనుందని చెప్పాడు. అమ్మాయి స్కూలుకి వెళ్లిందని, తాను వాళ్లమ్మ సంపూర్ణమ్మనని ఆవిడ చెప్పింది. అంతలోనే గొంతు బిగుసుకుంది.

“కస్టమ్స్ వాళ్లమని చెప్పి ముసలోళ్లని దోచేస్తన్నారంట. మొన్ననే మా అమ్మాయి పేపరు చదివి వినిపించింది. మీ కార్డేదండి?”

జయపాల్ కార్డు తీసి కెమెరా ముందు పెట్టాడు.

“కాస్త పైకెత్తండి. తిన్నగా పట్టుకోండి.”

ఆఫీసరంతటివాడు బుద్ధిగా ఎత్తాడు. ఇది మాట్లాడే సామాను బాబోయ్ అని గున్నేశ్వరరావు మొత్తుకుంటుంటే, ఈ మహాతల్లికి చూడ్డం తప్ప ఇంకో ధ్యాస ఉన్నట్టు లేదు. ఏం చెయ్యాలో తోచక గొంతు సవరించుకున్నాడు.

“పక్కన ఇంకోరున్నారుగా. ఆయన్నీ ముందుకి రమ్మనండి.”

జయపాల్ ఓరగా చూసి నవ్వాడు. గున్నేశ్వరరావు కెమెరా ముందుకొచ్చి, తలొంచుకుని, తన షాపు పేరు గొణిగాడు.

“మొహం దించుకుంటారేంటండీ, తప్పు చేసినోళ్లలాగా? పైకెత్తి చెప్పండి.”

ఇంకేముంది, కొంప మునిగింది. జయపాల్ నోట్‌బుక్కు తెరిచి, గున్నేశ్వరరావుకి కనపడేలాగే రాశాడు: ‘ముఖ్యంగా చూడటానికే వాడుతున్నారు.’ లోపలికెళ్లి ఆ తెర కూడా ఒకసారి చూసి, ఇంటావిడ చేత సంతకం పెట్టిస్తే తన పని అయిపోతుందన్నాడు. గున్నేశ్వరరావుకి నిజంగానే ఏడుపొచ్చింది. ఈవిణ్ని కూడా త్రిమూర్తులే పురమాయించాడేమో అనిపించింది. పేజీ మీద వేలు పెట్టింది ఆఫీసరే కదా, అదెలా కుదురుతుందని మళ్లీ తనే సర్దుకున్నాడు.

ఏ ఊరు, ఎవరి తాలూకు, ఎన్నాళ్లనుంచి ఉద్యోగం అని సంపూర్ణమ్మ ఇంకో నాలుగు ప్రశ్నలేసింది. అన్నిటికీ జవాబులు విన్నాక గానీ గడియ తియ్యలేదు.

“రండి బాబూ, కూర్చోండి,” అంటూ కుర్చీల వైపు చెయ్యి చూపించింది.

జయపాల్ కూర్చోలేదు. తెర కోసం గోడలన్నీ వెతికాడు. గుమ్మం పక్కన మైకు కనపడింది గానీ, దాని పైన తెర ఉండాల్సిన చోట చర్చి క్యాలెండరు వేలాడుతోంది. క్యాలెండరు పక్కకి తప్పించాడు. తెర మీద కంపెనీవాళ్లు అంటించిన ప్లాస్టిక్ కాగితం ఇంకా అలాగే ఉంది. అతనికి ఏమీ అంతుబట్టలేదు.

“మరి ఇంతసేపూ మమ్మల్ని దేంట్లో చూశారమ్మా?”

“చూడ్డమేంటి బాబూ,” అని నవ్వింది సంపూర్ణమ్మ. “కార్డెత్తమంటే దొంగైతే జారుకుంటాడు, మంచోడైతే ఎత్తుతాడు. ఆ పైన నాలుగు మాటలు మాట్లాడిస్తే మనిషెలాంటోడో గొంతులో తెలిసిపోద్ది. నాకు చూపు పోయి పన్నెండేళ్లయిందండి.”