ఒక పక్క అరుగుదల

గుంటూరు ఆటోనగర్‌లో మస్తాన్‌బీ షెడ్డుకు ఇప్పుడు ఇంజన్ల కన్నా గుండెలే ఎక్కువ వస్తున్నాయి. ఆ రోజు ఒకప్పటి లారీ డ్రైవర్ వీరాస్వామి భార్యను వెంటబెట్టుకుని ఏడాది తనిఖీకి వచ్చాడు. మస్తాన్‌బీ ఆయన భుజానికి స్పేరు పంపు తగిలించి, ఛాతీలోని ఉక్కు గుండెను విప్పి, ఒంటి వేడి చల్లారేదాకా బల్ల మీద ఉంచింది. వేడి మీద కొలిస్తే సిలిండర్ ఉన్నదానికన్నా వెడల్పు చూపిస్తుంది.

తర్వాత సిలిండర్ లోపలి వెడల్పు కొలిచే బోర్ గేజ్ దించి పైన, మధ్యలో, కింద కొలిచింది. ప్రతిచోటా గేజ్‌ను అడ్డంగా తిప్పి మళ్ళీ చూసింది.

"మార్చాలా?" అన్నాడు వీరాస్వామి. ఆయన వయసుకి ఇంకో గుండె ఇవ్వరు.

"హద్దు దాటలేదు బాబాయ్. కానీ అరుగుదలంతా కుడి పక్కే ఉంది. ఇట్టాగే ఉంటే వచ్చే ఏటికి పనికిరాదు. రోజూ కుడిపక్కకే తిరిగి పడుకుంటన్నావా?"

ఆయన గేజ్ ముల్లు వైపుకి చూపు తిప్పుకున్నాడు. స్టూలు మీద కూర్చున్న ఆయన భార్య దమయంతి చెప్పింది.

"గోడ వైపుకి. నేను లారీ అమ్మించిన కాడ్నించీ అంతే. మూడేళ్ళయింది."

"ఇక ఎడమ పక్కకి తిరిగి పడుకో," అంటూ మస్తాన్‌బీ గుండెను మళ్ళీ బిగించింది.

వీరాస్వామి చొక్కా గుండీలు పెట్టుకుంటూ చాలాసేపు ఆలోచించాడు.

"తలగడ మంచం అవతలి కొసకి మార్చుకుంటే, ఎడమకి తిరిగినా గోడే వస్తది. అట్టా సరిపోద్దా?"

"సరిపోదు బాబాయ్," అంది మస్తాన్‌బీ.

ముప్పై ఏళ్ల పనిలో ఆమె తెలిసీ చెప్పిన తప్పుడు లెక్క అదొక్కటే.