రెండు నక్షత్రాలు

సోములు ప్రతి సోమవారం వచ్చి రోజారమణి పక్కనే కుర్చీ వేసుకునేవాడు.

నర్సీపట్నంలోని ఆ చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఆమె కొత్త. పాముకాటు మందు ఏ ఆసుపత్రిలో ఉందో పల్లెల్లోని నర్సులకు చూపించే ప్రోగ్రాంని మెరుగుపరిచే పని ఆమెకు అప్పగించారు.

"ఇదేటమ్మా, 'స్టాక్ వివరాలు'? నర్సమ్మకి బేగి తెలాలి. 'మందు ఎక్కడుందో చూడాలంటే పచ్చ బొమ్మ నొక్కండి' అని రాయి."

విసుక్కుంటూనే రాసింది. ప్రతి వారం ఇదే వరస. ఓనరు వీరేంద్రకి చుట్టం కాబోలు, పొద్దుపోక వస్తున్నాడనుకుంది.

ఒకరోజు అనేసింది. "తాతగారూ, ఇవి కామెంట్లు, కోడ్ పక్కన రాసుకునే మాటలు. ప్రోగ్రాం వీటిని చదవదు. ఉన్నా లేకపోయినా ఒకటే. నా పని చేసుకోనివ్వండి."

"పోగ్రాం సదవదమ్మా. మనుసులు సదువుతారు."

లేచి వెళ్లిపోయాడు. తర్వాత రెండు సోమవారాలు రాలేదు.

పీడ వదిలిందనుకుని, ఒక్కటీ చదవకుండా కామెంట్లన్నీ ఒకేసారి తుడిచేసింది.

మర్నాడు మధ్యాహ్నం కృష్ణదేవిపేట వైపు నుంచి నర్సు పుష్పవతి ఫోన్ చేసింది.

"మేడమ్, జీడితోటలో పాము కరిసినాయన్ని తెచ్చారు. మా కాడ మందు నేదు. ఏది నొక్కాలో సెప్పే పేజీ కాళీగా ఉందండి."

"స్టాక్ మెనూలో క్వెరీకి వెళ్లండి."

"ఏటండీ?"

వీరేంద్ర పరుగున వచ్చాడు. "ఏం తీసేశావు?"

"కామెంట్లు సార్."

"రెండు గీతలతో మొదలయ్యేవి మన కోసం. ఒక్క గీత పక్కన రెండు నక్షత్రాలున్నవి నర్సులు చూసే పేజీలోకి వెళ్తాయి. అవీ తీసేశావా?"

రోజారమణి పాత కాపీ తెరిచి, ఫోన్లోనే చదివింది. "మందు ఎక్కడుందో చూడాలంటే పచ్చ బొమ్మ నొక్కండి."

"కనపడిందండి. పక్కూళ్లోనే ఉంది."

సాయంత్రం పుష్పవతి మళ్లీ చేసింది. "గండం గడిసిందండి. మాటాడతన్నాడు."

రోజారమణికి ఏడుపు ఆగలేదు. "సోములుగారిది ఏ ఊరు సార్?"

"బలిఘట్టం."

"రేపు నేనే వెళ్లి పిలుచుకొస్తాను."

కామెంట్లన్నీ యథాస్థానంలో పెడుతూ ఈసారి ఒక్కొక్కటే చదివింది. ఫైలు మొదట్లో, రెండు గీతల పక్కన, బయట ఎవరికీ కనిపించని వీరేంద్ర మాటలున్నాయి:

"ఈ పేజీలో ప్రతి మాటా సోములుగారు సరిచేసిందే. కారణం బయటి పేజీలో పెట్టొద్దన్నారు. మేం మొదట రాసిన పేజీ నర్సుకు అర్థం కాక, మందు ఆలస్యమై, పాముకాటుతో పోయిన లోవలక్ష్మి ఆయన కూతురు."