కారు కింద మన్ను

తిప్పేస్వామి బానెట్ ఎత్తి చూసి తల పట్టుకున్నాడు.

కూలెంట్ మళ్ళీ తగ్గింది. ఇంజన్‌ను చల్లగా ఉంచే ఆ పచ్చనీళ్ళు నిన్న సాయంత్రం డబ్బాలో గీత దాకా ఉన్నాయి.

కారు కొని ఇంకా నెల కాలేదు. బానెట్ మీద పెట్టిన పసుపు కూడా చెరగలేదు.

వెనకనుంచి లేగదూడ వచ్చి అతని మోచెయ్యి నాకింది. ఆ దూడకు పలుపు లేదు, అది నాకని వస్తువూ లేదు.

అతను కారు కొన్నది షోకుకు కాదు. భార్య వనజాక్షికి నెలలు నిండాయి. పోయినసారి ఆటోలో వెళ్తుంటే దారిలోనే బిడ్డ దక్కకుండా పోయింది. ఈసారి నొప్పులు మొదలవగానే కుందుర్పి నుంచి అనంతపురం చేరాలి. కూలెంట్ లేక ఇంజన్ వేడెక్కితే కారు నడిరోడ్డు మీద ఆగిపోతుంది.

షోరూం మెకానిక్ సుంకప్పకు ఫోన్ చేశాడు.

"రెండుసార్లు చూసినాం కదన్నా. యాడా కారడం లేదు," అన్నాడు సుంకప్ప. "పొద్దున కారు కింద తడి ఉంటాండాదా?"

"చుక్క లేదు."

"అట్లయితే ఇంజనే లోపల తాగుతాండాది. ఇప్పి చూడాల. వారం మా కాడ పెట్టాల్సొస్తాది."

"వారమా? ఈడ మనిషికి నెలలు నిండినాయప్పా."

"లేదంటే ఎవరైనా తీస్తాండారేమో చూసుకో."

మనుషులకే నీళ్ళు దొరకని ఊళ్ళో ఇంజన్‌కు ఇంత దప్పికేమిటో తిప్పేస్వామికి అర్థం కాలేదు. రెండో మాట మాత్రం మనసులో నాటుకుంది.

ఇంటి పక్క చేనులో ఈరన్న గొర్రెల మంద దిగి ఉంది. వేరుశనగ విత్తే ముందు ఎరువు కోసం మంద కట్టించడం ఆ పక్క మామూలే. ఈరన్నది ఏ ఊరో కూడా తిప్పేస్వామి అడగలేదు. రాత్రిళ్ళు గొర్రెలు వల లోపల, ముసలి ఈరన్న, అతని నల్లకుక్క వల బయట. ఈ మధ్య ఆ కుక్క కూడా కనపడటం లేదు.

మర్నాడు తెల్లవారకముందే తిప్పేస్వామి తలుపు తీశాడు.

ఈరన్న కారు ముందు చక్రాల దగ్గర వంగి ఉన్నాడు.

"ఏమప్పా, ఏం చేస్తాండావు ఆడ?"

ఈరన్న ఉలిక్కిపడి లేచాడు. అరచేతులు పచ్చగా ఉన్నాయి.

"దొరికినావులే. కడుపులో పురుగులు పోను గొర్రెలకు తాపే నట్టల మందు గూడా ఇదే రంగు. అదనుకొని తీస్తాండావా?"

"లేదు సామీ, నేను..."

అంతలో వనజాక్షి బరువుగా నడుస్తూ వాకిట్లోకి వచ్చింది. ఈరన్న ఆమె కడుపు వైపు చూశాడు. నోటి దాకా వచ్చిన మాటను మింగేశాడు.

"దొంగవు కాకుంటే చెప్పు," అన్నాడు తిప్పేస్వామి.

"ఏమీ లేదు సామీ. మంద లేపుకొని పోతా."

"ఇప్పుడే లేపు."

పోతూ పోతూ ఈరన్న ఆమె దగ్గర ఆగాడు.

"తల్లీ, రేపట్నుంచి పొద్దున్నే లేచి కారు కింద మీరే చూసుకోండి. మరవద్దు."

"చూసినావా, బెదిరిస్తాండాడు," అన్నాడు తిప్పేస్వామి.

పొద్దెక్కేసరికి చేను ఖాళీ అయింది.

ఆ మాట వనజాక్షికి మాత్రం గుర్తుంది. తర్వాతి ఉదయం లేవగానే వాకిట్లోకి వెళ్ళింది. దూడ కారు కిందికి మెడ చాస్తోంది. ముందు చక్రం పక్కన పళ్ళెమంత పచ్చటి మడుగు.

ఆమె దూడను లాగి పట్టుకుని భర్తను కేకేసింది. "తడి ఉండాది, వచ్చి చూడు."

సుంకప్ప వీడియో కాల్‌లో చూసి నవ్వాడు.

"పైపు క్లిప్పు వదులుగా ఉండాదన్నా. ఇంజన్ చల్లబడితే కారతాది, వేడెక్కితే బిగుసుకుంటాది. అందుకే మా కాడికొచ్చేసరికి కనపడలేదు. ఇంజన్ ఇప్పే పనిలేదు. మధ్యాన్నం మనిషిని పంపిస్తా, కొత్త క్లిప్పు ఏస్తాడు."

తిప్పేస్వామికి ప్రాణం లేచి వచ్చింది.

"మరి ఇన్నాళ్ళూ తడి యాడికి పోయినాది?" అంది వనజాక్షి.

అతను పార తెచ్చి ఆ చోట తవ్వాడు. పైన ఎర్రటి పొడిమన్ను. కింద పచ్చటి ముద్ద. దాని కింద మళ్ళీ పొడిమన్ను, మళ్ళీ పచ్చటి ముద్ద.

రోజూ తెల్లవారకముందే ఎవరో తడిని మన్నుతో కప్పారు. అదెవరో ఇద్దరికీ తెలిసిపోయింది.

"దూడను ఆ పక్కకు రానీయొద్దన్నా," ఫోన్‌లో సుంకప్ప ఇంకా చెబుతున్నాడు. "ఆ నీళ్ళు తియ్యగా ఉంటాయి. గొర్రె గానీ కుక్క గానీ నాకిందంటే బతకదు."

దూడ మెడ నిమురుతున్న వనజాక్షి చెయ్యి ఆగిపోయింది. "ఆయప్ప కుక్క..." అంది.

ఇద్దరూ చేనులోకి నడిచారు. ఓ మూల గట్టు కింద కొత్తగా పేర్చిన రాళ్ళు. నక్కలు తవ్వకుండా వాటి మీద తుమ్మకంప. కంపకు వేలాడుతూ, నల్లకుక్క మెడలో ఉండే ఇత్తడి గంట.

"నిండు నెలల్లో ఉండానని, నా ముందర చావు మాట ఎత్తలేదు," అంటూ ఆమె కళ్ళు తుడుచుకుంది.

"నేను దొంగ అన్నా గూడా ఎత్తలేదు."

తిప్పేస్వామి వంగి ఆ గంటను ముట్టుకున్నాడు. ఎంత పెద్ద మనిషి తన చేనులో నిద్ర చేసి వెళ్ళాడో ఇప్పుడు తెలిసింది.

మోటార్‌సైకిల్ ఎక్కి వెతికాడు. మంద కర్ణాటక వైపు దాటిందన్నారు. ఏ ఊరి ఈరన్న అని వాళ్ళు అడిగాకే, ఆ మాట తానెప్పుడూ అడగలేదని గుర్తొచ్చింది.

తిరిగి వచ్చి గట్టు మీద కూలబడ్డాడు.

"గొర్రెలు గూడా నాకి చస్తాయని భయపడినట్టుండాడు, పాపం."

వనజాక్షి చేను చుట్టూ వల కట్టిన గుంజల గుంతలు చూపించింది.

"గొర్రెలు రాత్రి ఈ వల దాటి ఎప్పుడొచ్చినాయి?"

ఆ వాకిట్లో కట్టు లేకుండా తిరిగేది తమ దూడ ఒక్కటే.