తుప్పు వదిలిన సాన

“వాటాలప్పుడు ఈ తుప్పు మెషిన్ని నా మొహాన పడేసి ఏమన్నావు మరిదీ?” అంది సవ్సన్, గుమ్మానికి అడ్డంగా నిలబడి.

అలిఫ్‌బేక్ చంకలో గుడ్డలో చుట్టిన గిన్నె ఉంది. నీలి లాజవర్దు రాయిని తొలిచి చేసిన గిన్నె. దాన్ని ఆ చంకలోంచి ఈ చంకలోకి మార్చుకున్నాడు.

“పాత మాటలిప్పుడెందుకు వదినా? పొద్దున నా మెషిన్ ఇరుసు పుటుక్కుమంది, దాంతో మోటారూ కాలిపోయింది. గిన్నెకి మెరుగొక్కటే బాకీ. తెల్లారితే రాజధాని దుషన్‌బేకి బండి వెళ్ళిపోతుంది. ప్రదర్శన వాళ్ళు నా గిన్నె కోసం చోటు అట్టే పెట్టారు. ఈ ఖోరోగ్ ఊరు మొత్తంలో నీ దగ్గర తప్ప ఇంకెక్కడా సాన లేదు. ఈ ఒక్క పూట ఇయ్యి.”

“ఏమన్నావు అని అడిగాను.”

అతను నేల చూపులు చూశాడు. “ఆడదానికి సాన ఎందుకు, దాని మీద రొట్టెలు ఒత్తుకో అన్నాను.”

“ఆఁ. ఇప్పుడు రా లోపలికి.”

పాక మధ్యలో ఉంది మెషిన్. చూడగానే అలిఫ్‌బేక్ కళ్ళు కుట్టాయి. రష్యా వాళ్ళ కాలం నాటి ఇనుము, తను పెంటకుప్ప పక్కన పడేసి పోయిన ఇనుము, ఇప్పుడు ఆకుపచ్చ రంగేసుకుని పెళ్ళికూతురిలా ఉంది. కొత్త బెల్టు. కొత్త నీళ్ళ గొట్టం. ఇరుసుకి ఒక పక్క గరుకు సాన, ఇంకో పక్క మెరుగు పెట్టే తోలు చక్రం. వేలితో చక్రాన్ని ఇలా తోశాడు. చప్పుడు లేదు, ఊగిసలాట లేదు. వెన్నలో కత్తి దిగినట్టు తిరిగింది.

“బేరింగులు ఎవరు ఎక్కించారు? అన్నయ్యా?”

“మీ అన్నయ్య లారీ తోలుకుంటూ ముర్గాబ్ దారిలో ఉన్నాడు. నేనే ఎక్కించుకున్నా. కిరసనాయిల్లో నానబెట్టి, తుప్పు గీకి, నా చేత్తో నేనే. ఇదిగో, ఈ గోళ్ళు చూడు.”

గోళ్ళు నల్లగా ఉన్నాయి. అతను చూడలేదు. కింద మోటారు ఉండే ఇనప పెట్టె తలుపు మీద చెయ్యి వేశాడు. దానికి తాళం వేసి ఉంది.

“మోటారు బరువు లాగుతుందా?”

“నా మెషిన్ సంగతి నీకెందుకు? నీ సంగతి మాట్లాడు. పోయినేడు, ఇంకా వాటాలు పడకముందు, దుషన్‌బేలో బహుమతి కొట్టిన గిన్నె ఎవరు చేశారు?”

అలిఫ్‌బేక్ పెట్టె మీంచి చెయ్యి తీశాడు. “నీకూ తెలుసు, నాకూ తెలుసు.”

“మనిద్దరికీ తెలిస్తే చాలదు. మెడలో పతకం వేసుకుని ఈ వీధంతా తిరిగావు. ఇప్పుడు ఈ వీధికే చెప్పు. చెప్పాకే తాళం తీస్తా.”

అతని నెత్తురు ఉడికింది. గిన్నెని ఆవిడ కాళ్ళ దగ్గర బద్దలు కొట్టి పోదామనిపించింది. కానీ దుషన్‌బే కళ్ళ ముందు మెదిలింది. ఈ సందులో అన్న మాట ఈ కొండలు దాటి అక్కడిదాకా పోతుందా ఏం? ఆడవాళ్ళు నాలుగు రోజులు నవ్వుకుంటారు, మర్చిపోతారు. పతకం మాత్రం నిలిచి ఉంటుంది.

“సరే, పిలువు.”

పిలవాల్సిన పని లేకపోయింది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు అప్పటికే గోడ మీంచి తొంగి చూస్తున్నారు. అందరికంటే ముందు ఒదినామో అనే ముసలావిడ, టీ గిన్నె చేత్తో పట్టుకుని మరీ వచ్చింది.

అలిఫ్‌బేక్ వాకిట్లో నిలబడ్డాడు. “బహుమతి వచ్చిన గిన్నె నేను చెయ్యలేదు. మా వదిన చేసింది.”

“కాస్త గట్టిగా చెప్పు నాయనా, నాకు చెవుడు” అంది ఒదినామో.

“మా వదిన చేసింది!”

“మరి పతకం నువ్వెందుకు వేసుకున్నావు?”

అతను సవ్సన్ వైపు చూశాడు. ఆవిడ చేతులు కట్టుకుని, మెరుగులో లోపం వెతికే మనిషిలా అతని మొహాన్నే చూస్తోంది.

“దొంగతనం చేశాను” అన్నాడు.

“ఏంటీ?”

“దొంగతనం చేశానవ్వా! గిన్నె కింద వదిన పేరు గీకేసి నా పేరు చెక్కుకున్నాను! చాలా?”

ఎవరూ నవ్వలేదు. నవ్వుతారనే అతను అనుకున్నాడు. ఒదినామో టీ గిన్నెలో మిగిలింది అతని కాళ్ళ ముందు పారబోసి, వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. గోడ దగ్గర ఒకావిడ అప్పుడే ఫోను చెవికి ఆనించి, “దుషన్‌బేలో మా తమ్ముడికి చెప్పాలి, ఉండు” అంటోంది.

అలిఫ్‌బేక్ చెవులు మండిపోతున్నాయి. అయినా గబగబా పాకలోకి నడిచి గుడ్డ విప్పాడు. గిన్నెని తోలు చక్రం పక్కన పెట్టి చొక్కా చేతులు మడిచాడు.

“నీ కోరిక తీరిందిగా. ఇంకా పొద్దుంది, సాయంత్రానికల్లా మెరుగు పెట్టేస్తా. తాళం తియ్యి, మోటారు వెయ్యి.”

సవ్సన్ తాళంచెవి తీసింది. ఇనప పెట్టె తలుపు మెల్లగా తెరిచింది. మోటారు ఉండాల్సిన చోట ఒక గుడ్డసంచీ, సంచీ నిండా ఎండబెట్టిన మల్బరీ పళ్ళు.

ఆవిడ దోసెడు పళ్ళు తీసి అతని ముందుకు చాపింది.

“మోటారు ఇంకా దొరకలేదు మరిదీ. ఇవి తింటావా?”