దిల్షాద్ హాజరు

హనుమయ్య గోనెసంచి ఎత్తి మేనేజరు బల్లమీద బోర్లించాడు. వరి విత్తనాలు జలజలా రాలి గచ్చంతా పరుచుకున్నాయి.

“నారుమడిలో ఒక్క మొలకా లేదయ్యా! కొల్లిపరలో మావాళ్లందరిదీ ఇదే గతి. కాలవలో నీళ్లొచ్చి పోతున్నాయి. ఈ తాలు సరుకుని మంచి విత్తనాలన్నది ఎవరు? ఆ మనిషిని చూపించండి!”

తెనాలిలోని ఆ విత్తనాల ఆఫీసులో అందరూ తలలొంచుకున్నారు. మేనేజరు వెంకటకృష్ణయ్య అద్దాల గదిలోకి వెళ్లాడు. ఆఫీసులోని కంప్యూటర్లన్నిటికీ కలిపి ఒక పెద్ద మిషను, సర్వర్, అక్కడుంది. మీటలు నొక్కి చూశాడు. మొలక పరీక్షలో తప్పిన బస్తాలవి. పోయిన నెల పదో తేదీన వాటిని ‘మంచివి’ అని ఎక్కించినవాళ్ల పేరు తెరమీద కనిపించింది.

“ఏమ్మా దిల్షాద్, ఇదేంటి?”

దిల్షాద్ లేచొచ్చి తెరకేసి చూసింది. పదో తేదీన తను అసలు ఆఫీసుకే రాలేదు! ఆ రోజంతా రేపల్లె ఆసుపత్రిలో, కంటి ఆపరేషనైన తల్లి పక్కన కూర్చుంది.

ఆ మాట పైకి అనడానికి నోరు రాదే! కంప్యూటర్లు వచ్చాక హాజరు పుస్తకం తీసేశారు. పొద్దున్నే పేరు కొట్టి, పాస్‌వర్డు కొడితే మనిషి వచ్చినట్టే లెక్క. మరి సగంమంది ఎక్కొచ్చే రేపల్లె పాసింజరు రైలు ఏనాడు వేళకొచ్చింది గనక? అందుకని ఒకరి హాజరు ఒకరు వేసేవాళ్లు. మర్చిపోకుండా అందరూ పెట్టుకున్న పాస్‌వర్డు కూడా ఒక్కటే, తెనాలి. ‘ఎవరిది వాళ్లు దాచుకోండి బాబూ’ అని కంప్యూటర్లు బిగించినతను మొత్తుకుంటే, వేడివేడి మిరపకాయ బజ్జీలు పెట్టి సాగనంపారు, మహానుభావులు!

పదో తేదీన దిల్షాద్ పేరు కొట్టింది పక్క సీటు సీతారావమ్మ. “నువ్వు వెళ్లవే, ముందు అమ్మని చూసుకో. మేనేజరు గారు ఎటూ బాపట్ల గోడౌనుకి పోతున్నారు. ఇక్కడ నేను లేనూ?” అంది. మర్నాడు క్యారేజీ విప్పుతూ, “నీ పని కూడా చేసిపెట్టేశాన్లే” అని నవ్వింది.

ఆ నవ్వు ఇప్పుడు గుర్తొచ్చింది దిల్షాద్‌కి. అలవాటు లేని పని కదా, అక్క ఒకటి నొక్కబోయి ఇంకొకటి నొక్కింది. పాపం, కావాలని చేసింది కాదు. మొగుడు పోయి, ఇద్దరు పిల్లలతో అంగలకుదురులో అద్దెకుంటోంది. ఈ ఉద్యోగం పోతే ఆమెకి దిక్కెవరు? కానీ తన ఇంట్లో మాత్రం తను తప్ప సంపాదించేవాళ్లెవరున్నారు?

“నేను చెయ్యలేదండి.”

“నీ పేరుంది కదమ్మా!”

“ఆ రోజు నేను రాలేదండి. రేపల్లెలో మా అమ్మ దగ్గరున్నానండి. కావాలంటే ఆసుపత్రిలో అడగండి సార్.”

“రోగి పక్కన కూర్చున్నది ఎవరో ఏ ఆసుపత్రివాళ్లు గుర్తుపెట్టుకుంటారమ్మా? సరే, నువ్వు రాలేదనుకుందాం. మరి నీ పేరు కొట్టిందెవరు?”

దిల్షాద్ చూపు పక్క సీటు దాకా పోయి వెనక్కొచ్చింది. మిగతావాళ్లు కాగితాల్లో తలలు దూర్చారు. ఒక్క మాట తూలితే తమ దొంగ హాజర్లన్నీ బయటపడతాయి. సీతారావమ్మ పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“చెప్పవా? అయితే నా చేతుల్లో ఏం లేదు. ఇలాంటిది జరిగితే పోలీసులకి అప్పగించమని ఓనరు గారు ముందే చెప్పారు.” వెంకటకృష్ణయ్య ఫోను అందుకున్నాడు.

హనుమయ్య ఆ గింజల మధ్యే కూలబడ్డాడు. “నిన్ను జైల్లో పెట్టినా నా మడి మొలకెత్తదు కదే తల్లీ!” అన్నాడు. ఆ మాటతో దిల్షాద్‌కి ఏడుపు ఆగలేదు.

కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడైంది. సీతారావమ్మ లేచి నిలబడింది. ఆమె కళ్లనిండా నీళ్లు.

“ఆగండి సార్. ఆ రోజేం జరిగిందో నేను చెప్తానండి.”

దిల్షాద్‌కి పోయిన ప్రాణం లేచొచ్చింది. అక్క ఉండగా తనకి అన్యాయం జరగనిస్తుందా! ‘వద్దక్కా’ అనాలనుకుంది, కానీ అనలేకపోయింది. అల్లా క్షమించాలి, ఆ క్షణాన తన బతుకే తనకి తీపనిపించింది.

మేనేజరు ఫోను పెట్టేశాడు. సీతారావమ్మ కళ్లు తుడుచుకుని, దిల్షాద్ వైపు చూడకుండా అంది:

“పదో తేదీన దిల్షాద్ వచ్చిందండి. మధ్యాహ్నం నా క్యారేజీలో అన్నం ఇద్దరం కలిసే తిన్నామండి.”